తోక విరిగిన చేప

పెట్టె మీద ముద్ర ఇంకా తడిగానే ఉంది. ఆ ముద్ర వేసే మనిషి చనిపోయి ఆర్నెల్లయింది.

కోడలు చూపుడు వేలితో దాన్ని తాకింది. నీలం సిరా వేలికంటుకుంది. చేప బొమ్మ. తోక దగ్గర చిన్న ముక్క విరిగిన చేప. ఒకప్పుడు ఆ ఇత్తడి ముద్ర అత్తగారి చేతిలోంచి జారి గచ్చు మీద పడ్డప్పుడు విరిగింది. "తోక పోతే పోయింది, కళ్ళున్నాయిగా. ఈ పనికి కావాల్సింది కళ్ళే" అని ఆవిడ చివరిదాకా ఆ ముద్రనే వాడింది.

తెలియకుండానే కోడలి కళ్ళు నిండాయి.

"ఏమేవ్," అంది పక్కబల్ల పిన్ని, "అత్త పోయిన ఆర్నెల్లకు కోడలి కంట నీరొచ్చిందంటే సామెత అనుకున్నా. చేసి చూపిస్తున్నావే!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. కోడలు నవ్వలేదు. "ఈ పెట్టె వాసన చూడు పిన్నీ" అంది.

పిన్ని వంగింది. కిరసనాయిలు. ఆమె మొహంలో నవ్వు చచ్చిపోయింది.

అది తూటాల ఫ్యాక్టరీ. వాళ్ళు కూర్చున్నది తనిఖీ హాలు. తూటాను గాజుపలక మీద దొర్లిస్తారు, వంకర ఉంటే గంతులేస్తుంది. ఇత్తడి గొట్టం మెడ దగ్గర వెంట్రుకంత చీలిక ఉందేమో దీపం కింద తిప్పి చూస్తారు. అడుగున ఉన్న చిన్న టోపీని గోటితో రాస్తారు. గోరుకు తగిలితే టోపీ సరిగ్గా కూర్చోలేదన్నట్టు. దెబ్బ పడి మందును అంటించేది ఆ టోపీయే. బాగున్న పెట్టె మీద చూసిన మనిషి తన ముద్ర వేస్తుంది. పనికిరాని పెట్టెకు ఎర్ర రంగు పూస్తారు. కిరసనాయిలుతో తుడిస్తే రంగు పోతుంది. వాసన పోదు.

కోడలు పెట్టె తెరిచి ఒక తూటా తీసి గోటితో రాసింది. తగిలింది. ఇంకొకటి. తగిలింది. కొత్త కాంట్రాక్టరు పంపిన టోపీలివి. లోపలి మందు చెమ్మెక్కిందని, మచ్చుకు కాల్చి చూసే పరీక్ష గోతిలోనే తేలింది. కొన్ని పేలాయి, కొన్ని పేలలేదు. కొన్ని మాత్రం టిక్కుమని ఊరుకుని, పేలవులే అనుకున్నాక పేలాయి. హాలంతా కలిసి వద్దన్న సరుకు. ఎర్ర రంగు పూసింది కూడా ఈ చేతులతోనే.

"ముద్ర అరగదీశారు కదే?" అంది పిన్ని మెల్లగా. "మీ ఇంటికి ఇత్తడి బిళ్ళ పంపారు కదా!"

ఆ హాల్లో అదొక కట్టుబాటు. మనిషి పని మానినా, చనిపోయినా, ఆ ముద్రను అందరి ముందూ ఆకురాయితో నున్నగా అరగదీసి, మిగిలిన బిళ్ళను ఇంటివాళ్ళ చేతికిస్తారు. లేని మనిషి పేరు మీద ఎవరూ సరుకు దాటించకూడదని. అత్తగారు దగ్గి దగ్గి పోయిన రోజున హాలంతా శవం వెంట వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఫోర్మను గుడ్డలో చుట్టిన నున్నటి బిళ్ళ చేతిలో పెట్టాడు. అరగదీయడం ఎవరూ చూడలేదు. కళ్ళకద్దుకుని తీసుకున్నారు. పొద్దస్తమానం తూటాలను తిప్పి తిప్పి చూసే వాళ్ళు ఆ బిళ్ళను తిప్పి చూడలేదు. చూసినా ఏం తెలుస్తుంది? నున్నటి ఇత్తడికి పేరుండదు.

కోడలు తూటాను గుప్పిట్లో పెట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"మా అత్తగారి ముద్ర ఎవరి దగ్గరుందండీ?"

మేనేజరు తల ఎత్తలేదు. "కూర్చోమ్మా. మీ అత్తగారంటే మాకెంతో గౌరవం. సైన్యం గోదాముల్లో ఆ చేపను చూస్తే పెట్టె తెరవకుండానే తీసుకుంటారు. అంత నమ్మకం ఆవిడంటే."

"నమ్మకం ఆవిడది, తుక్కు మీదీనా?"

"తుక్కేమిటి? ఎక్కువ శాతం పేలతాయి. అక్కడ యుద్ధం నడుస్తుంటే ఇక్కడ కూర్చుని బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరితే ఎలా?"

"అక్కడ మా మరిది ఉన్నాడండీ. ఆవిడ కొడుకు."

అప్పుడు తలెత్తాడు. చూపులో సిగ్గు లేదు, విసుగుంది. "అందరి పిల్లలూ ఉన్నారమ్మా. వెళ్ళి పని చూసుకో."

ఆమె బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. పని నేర్పేటప్పుడు అత్తగారు ఒకే మాట చెప్పేది: "ఇది నా చిన్నాడి చేతికెళ్తుందనుకుని చూడవే." ఆ చిన్నాడు కిందటిసారి ఫోన్లో అన్నాడు: "వదినా, పాత సరుకులో అమ్మ చేప ఉన్న పెట్టె దొరికితే ఎవరినీ తాకనివ్వను. అది నాదే." తర్వాత వాళ్ళ దళం ముందుకు కదిలింది. ఇప్పుడు ఫోన్లు లేవు. చెప్పడానికి దారి లేదు. ఆ పెట్టెలు గేటు దాటకూడదు, అంతే.

మధ్యాహ్నం క్యాంటీన్లో గిన్నెలు పక్కకు నెట్టి అందరూ చేరారు. తనిఖీ ఆడవాళ్ళు, లేతు మిషన్ల వాళ్ళు, పెట్టెలు మోసే వాళ్ళు. కోడలు తూటాను బల్ల మీద నిలబెట్టింది. చెప్పాల్సింది చెప్పింది.

"లారీలాపితే దేశద్రోహం అంటారు," అన్నాడు లేతు మేస్త్రి. "యుద్ధం రోజులు. అడిగే నాథుడుండడు."

"చెడ్డ సరుకు పంపడం దేశభక్తా?" పిన్ని లేచింది. "తుపాకి పట్టుకున్నవాడెవడు? నీ కొడుకూ నా కొడుకూనేగా! మేనేజరు కొడుకు ఏ సరిహద్దులో ఉన్నాడో చెప్పు, దండం పెట్టొస్తా."

"మాట బాగానే ఉంది. ఉద్యోగం పోతే పొయ్యిలో పిల్లి లేస్తుందా?"

"ఇప్పుడు మాత్రం నీ పొయ్యిలో పులుందా?"

నవ్వులు లేచాయి. నవ్వుతోనే భయం కొంచెం సడలింది. అప్పుడు మీసాలన్న బెంచీ ఎక్కాడు. లారీల్లోకి పెట్టెలెక్కించే ముఠాకు పెద్ద. మీసం దువ్వితే తప్ప మాట రాదు ఆయనకు.

"దేనికర్రా భయం? పొద్దున గేటు కాపలావాళ్ళకు తూటాలిచ్చింది ఈ సరుకులోంచే. పెట్టె నేనే మోశాను. చేప ముద్ర, కిరసనాయిలు కంపు. ఆ తుక్కుతో మనల్ని కాలుస్తారా? అది పేలితే ఈ మీసం గొరిగించుకుంటా!"

జనం హోరెత్తారు. బల్లలు మోగాయి. ఆ హోరులో కోడలి గొంతు సన్నగా వినిపించింది.

"అన్నా, తుక్కంటే పేలదని కాదు. ఎప్పుడు పేలుతుందో తెలియదని. అసలు పేలని తూటాతో ప్రమాదం లేదు. దీంతోనే ఉంది."

"నీకు అన్నిట్లోనూ చీలికలే కనిపిస్తాయి చెల్లీ," అన్నాడు మీసాలన్న ఆప్యాయంగా. మళ్ళీ నవ్వులు. ఆమె మాట ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది. తాము చేసిన వస్తువు లోపం తమకే తెలుసన్న గర్వం వాళ్ళది. జీవితమంతా తలవంచుకున్న వాళ్ళకు అంత గర్వం ఎప్పుడో గాని దొరకదు. దాన్ని లాక్కోవడానికి ఆమెకూ నోరు రాలేదు.

తెల్లారి గేటు ముందు బైఠాయించారు. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. లారీలు ఇంజన్లు ఆపకుండా పొగ వదులుతున్నాయి. ముందు లారీ డ్రైవరు చేతులు కట్టుకుని కిందికి చూడకుండా కూర్చున్నాడు. కాపలావాళ్ళు వరసగా నిలబడ్డారు. కుర్ర మొహాలు. వాళ్ళలో సగంమందికి వీళ్ళంతా తెలుసు. టీ దగ్గర నిప్పు అడిగిన వాళ్ళే.

"లేవండి!" అన్నాడు వాళ్ళ అధికారి.

"పెట్టెలు దింపండి, లేస్తాం!" అంది పిన్ని.

"చనిపోయిన మనిషి ముద్ర..." కోడలు అందుకుంది.

"చెల్లదు! చెల్లదు!" అన్నారు అందరూ. ఎవరు నేర్పారో తెలియదు గాని అదే నినాదమైంది. రోడ్డవతల దుకాణాల తలుపులు దడదడా మూసుకున్నాయి.

అధికారి చెయ్యెత్తాడు. దించాడు.

రెండు తుపాకులు పేలాయి. రెండూ ఆకాశంలోకే. మిగతావన్నీ టిక్కు, టిక్కు, టిక్కుమని ఊరుకున్నాయి.

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత నవ్వు. ఎప్పుడూ అంత గట్టిగా నవ్వలేదు ఆ జనం. ముసలివాళ్ళు, గర్భిణులు, లేతు మేస్త్రి, అందరూ. మీసాలన్న లేచి చేతులు బారచాపి ముందుకు నడిచాడు.

"చూశారా! నేను చెప్పలా! మన తుక్కు మనల్ని కరవదర్రా!"

కోడలు ఆయన్ని చూడలేదు. ఎదురుగా ఉన్న కాపలా కుర్రాణ్ణి చూసింది. టిక్కుమన్న తుపాకీని అతను అయోమయంగా కిందికి దించుతున్నాడు. గొట్టం మెల్లగా, నవ్వుతున్న మీసాలన్న ఛాతీకి ఎదురుగా వస్తోంది.

"దించకు! పైకి పట్టు నాయనా, పైకి! అన్నా, పడుకో!"

నవ్వుల్లో వినపడలేదు.

నాలుగైదు ఊపిర్లు తీసి వదిలేంత సేపు. అంతే పట్టింది ఆ టోపీలోని చెమ్మమందు మనసు మార్చుకోవడానికి. పేలింది.

మీసాలన్న చెయ్యి మీసం దాకా లేచి ఆగిపోయింది. అలాగే కూలిపోయాడు.

"నేను నొక్కలేదు!" కుర్రాడు తుపాకి పారేసి అరుస్తున్నాడు. "మళ్ళీ నొక్కలేదమ్మా, ఒట్టు, నేను నొక్కలేదు!"

అతను చెప్పేది నిజమని ఆ గేటు ముందు అందరికంటే బాగా తెలిసింది కోడలికే. ఆ నిజం వల్ల ఎవరికీ ఏ మేలూ లేదు.

తర్వాత లాఠీలు. లాఠీలకు చెమ్మ ఉండదు. ఆడవాళ్ళను జుట్టు పట్టి ఈడ్చి దారి చేశారు. లారీలు ఒకదాని వెనక ఒకటి గేటు దాటాయి. కోడలు రోడ్డు మీద పడి చూస్తూనే ఉంది. పరదా పక్కకు తొలగిన చోట పెట్టె మీద నీలం చేప కనిపించింది. అది ఎవరి చేతికి వెళ్తుందో ఆమెకు తెలుసు. ఎవరినీ తాకనివ్వడు.

విచారణ త్వరగానే తేలిపోయింది. లోపమున్న తూటా వల్ల కార్మికుడు చనిపోయాడట. లోపమున్న తూటాను దాటించిన ముద్ర చేప ముద్రట. ఆ ముద్ర సంస్థ దగ్గర లేదట, మనిషి పోయిన రోజే ఇంటివాళ్ళకు అప్పగించారట. పోలీసులు కోడలి ఇల్లు సోదా చేశారు. అత్తగారి ఫోటో కింద, గుడ్డలో చుట్టిన నున్నటి ఇత్తడి బిళ్ళ దొరికింది.

"ముద్రను ఇంట్లో పెట్టుకుని వాడింది. గొడవయ్యాక అరగదీసింది," అని తేల్చారు. నున్నటి ఇత్తడికి పేరుండదు. వాళ్ళకు కావలసిన పేరు వాళ్ళే పెట్టుకున్నారు.

అందరూ మళ్ళీ పనిలోకి వచ్చిన రోజున ఆమెను పట్టుకోవడానికి హాల్లోకే వచ్చారు. బేడీలు వేస్తుంటే పిన్ని అడిగింది: "ఏమయ్యా, చేప ఇంకా మేనేజరు సొరుగులోనే ఈదుతోంది. అటు వల వేయరేం?"

మేనేజరు తలుపు దగ్గర నిలబడి, "ఎవరి బల్ల దగ్గరికి వాళ్ళు వెళ్ళండి. చెయ్యనివాళ్ళు చెప్పండి, బయట మనుషులు కాచుక్కూర్చున్నారు" అన్నాడు. అది మాత్రం నిజమే. గేటు బయట పొద్దుటి నుంచే కొత్త ఆడవాళ్ళు పనికోసం వరస కట్టారు. యుద్ధంలో పోయినవాళ్ళ పెళ్ళాలు, పోబోయే వాళ్ళ తల్లులు.

కోడలిని తలుపు దాటించారు. వెనక శబ్దం వినిపించింది. గరగర. ఒక ఆకురాయి శబ్దం. తర్వాత ఇంకొకటి. ఆమె తిరిగి చూడబోతే పోలీసు ఆమె మెడ పట్టి ముందుకు వంచాడు. చూడక్కర్లేదు. ఆ శబ్దం ఆ హాల్లో ఎవరైనా పోయినప్పుడే వినిపిస్తుంది, అదీ ఒక్కసారే. ఇప్పుడు బల్ల తర్వాత బల్ల నుంచి వస్తోంది. బతికున్న మనుషులు ఎవరి ముద్రను వాళ్ళే అరగదీసుకుంటున్నారు. తమ పేరు మీద ఇక ఏ పెట్టే దాటకుండా.

కొత్తవాళ్ళ వరస అడ్డంగా ఉండటంతో పోలీసు బండి గేటు దగ్గర ఆగింది. జాలీలోంచి కోడలు చూసింది. హాలు ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. గుప్పిళ్ళు మూసి ఉన్నాయి, వేళ్ళకు ఇత్తడి పొడి మెరుస్తోంది. ఎవరి మొహంలోనూ గెలుపు లేదు. రేపు కొత్త ముద్రలు వస్తాయి. కొత్త వేళ్ళు వస్తాయి. లారీలు వెళ్తూనే ఉంటాయి. అది వాళ్ళకు తెలుసు.

వరసలో అందరికంటే ముందున్న మనిషి బెరుగ్గా అడిగింది: "అక్కా, లోపల పని కష్టమా?"

పిన్ని ఆగింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి, బండి వైపు ఒకసారి చూసి, చెప్పింది.

"నీకో ముద్ర ఇస్తారు తల్లీ. దాంతోపాటు ఆకురాయి కూడా అడిగి తీసుకో."