ఫాస్ఫేటు లేని నీళ్ళు

ఎదుగుదల ఆగిపోవాల్సిన వరి మొక్కలు మళ్ళీ కొత్త ఆకు తొడిగాయి. పెద్దకోడలికి ఒళ్ళు మండింది.

ఆ ఇంటి కోడళ్ళిద్దరిదీ ఒకే ల్యాబు. ప్రయోగం పెద్దామెది, మొక్కలకు నీళ్ళు మార్చే పని చిన్నామెది. మొక్క కణం తన అవసరానికి మించిన ఫాస్ఫేటును లోపలున్న నీటి సంచిలో దాచుకుంటుంది. కరువొస్తే ఆ సంచి గోడలో ఉండే ఒక ప్రోటీను, తలుపు తీసినట్టు, దాన్ని బయటికి వదులుతుంది. ఆ ప్రోటీను లేకుండా చేసిన మొక్కలివి. ఫాస్ఫేటు లేని నీళ్ళలో ఉంచితే, నిల్వ లోపలే ఉండిపోయి గిడసబారాలి.

"నీళ్ళు ఏ డబ్బాలోవి పోస్తున్నావు?"

"మీరు చూపించినదాంట్లోవే అక్కా. ఏం?"

"ఊరికే."

ఊరికేం కాదు. తనకూ సొంత ప్రయోగం కావాలని చిన్నామె అడిగితే, "నీకప్పుడే తొందరేంటి" అని తీసిపారేసింది పెద్దామే. ఆ కసితో ఎరువు కలుపుతోందేమో. ఇంట్లో అన్నాలు వడ్డిస్తున్నప్పుడు కూడా తోడికోడలి చేతులవంకే చూసేది. చివరికి మొక్కల గదికి తాళం మార్చి, నీళ్ళు తనే పోసుకుంది. చిన్నామె పాత తాళంచెవితో కాసేపు తంటాలు పడి వెళ్ళిపోయింది.

అయినా ఇంకో ఆకు వచ్చింది.

నీళ్ళు పరీక్షిస్తే ఫాస్ఫేటు జాడ లేదు. విత్తనాలు మార్చేసిందా అని ఆకులూ పరీక్షించింది. విత్తనాలు అవే. ముసలి ఆకుల్లో నిల్వ మాత్రం తరిగిపోయి, లేత ఆకుల్లో చేరింది. ఇంకో దారి ఉందన్నమాట. వెతగ్గా అలాంటిదే మరో ప్రోటీను దొరికింది. మొదటిది లేకపోయేసరికి దాని పని కూడా ఇదే చేస్తోంది.

మర్నాడు చిన్నామె బల్ల దగ్గరికెళ్ళి, "రెండూ లేని మొక్కలు పెంచాలి. ఈ ప్రయోగం నువ్వు చెయ్యి" అంది.

"నన్ను అనుమానించారు కదూ?"

పెద్దామె కొత్త తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టింది.

"చేస్తాను. కానీ నేను లేనప్పుడు మీరు గదిలోకి రాకూడదు."

"నామీద నమ్మకం లేదా?"

"ప్రస్తుతానికి లేదక్కా."

రెండూ లేని ఆ కొత్త మొక్కలు నిజంగానే గిడసబారాయి. పెద్దామె వాటిని తలుపు అద్దంలోంచే చూసింది. చిన్నామె లోపల నీళ్ళు మారుస్తూ, ఒకసారి వెనక్కి తిరిగి, గడియ పడిందో లేదో చూసుకుంది.