నిల్దా మూతిలో కత్తి ఏడు

నిల్దా కొత్త పళ్ళు కట్టించుకున్న సంగతి రొసారియో ఊళ్ళో ఆ పేటంతా ఎరుగును. ఆమె దాస్తే గదా! రిటైరైనవాళ్ళ సంఘానికి ఆ పళ్ళతో వచ్చిన మొదటిరోజే గుమ్మంలో నిలబడి, లోపలున్నవాళ్ళంతా తలలు తిప్పేదాకా నవ్వుతూనే ఉంది. ఎవరికీ తెలియనిది ఒక్కటే, ఆ పళ్ళు వదులు. పైవరస మాటమాటకీ జారేది. జారినప్పుడల్లా మూతి కుడిపక్కకి తిప్పి, నాలుకతో తోసి, దాన్ని మళ్ళీ చోటులో కూర్చోబెట్టేది. "వచ్చేవారం రండమ్మా, బిగిస్తాను" అన్నాడు పళ్ళ డాక్టరు. వెళితే పళ్ళు ఆయన దగ్గరే వదిలి రావాలి. ఆ వారంలోనే పోటీ ఉంది, పోటీ చివర ఫొటో ఉంది.

పళ్ళు కట్టించుకున్నదే ఆ ఫొటో కోసం. సంఘం హాలు గోడ మీద ఏటేటి పోటీ ఫొటోలూ వరసగా వేలాడుతుంటాయి. అన్నిటిలోనూ నిల్దా నోరు బిగించుకునే ఉంటుంది, అప్పుడే ఎవరో పర్సు కొట్టేసినట్టు. "ఎనభైకి దగ్గరపడి ఫొటో కోసం పళ్ళు కట్టించుకున్న వెర్రిదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను" అనుకునేది. అనుకుని అద్దంలో మరోసారి నవ్వుకునేది.

పోటీ అంటే ట్రూకో. సంఘంలో ప్రతి శుక్రవారం నలుగురేసి ఆడే పేకాట. ఇద్దరిద్దరు ఒక జట్టు, జతగాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటారు. చేతిలో ఏముందో నోటితో చెప్పకూడదు, మొహంతో చెప్పాలి. ఆ పేకలో కత్తి, కర్ర అని రంగులుంటాయి. కనుబొమలెగరేస్తే కత్తి ఆసు, దాన్ని మించింది లేదు. మూతి కుడికి తిప్పితే కత్తి ఏడు, అదీ పెద్ద ముక్కే. కళ్ళు మూస్తే చేతిలో చెత్త. ముద్దు పెడుతున్నట్టు పెదాలు ముందుకు సాగదీస్తే రెండు, ఓ మోస్తరు ముక్క. "పెళ్ళయినన్నాళ్ళూ మా ఆయన పెట్టని ముద్దులు నా జతగాడు ఎవారిస్తో ఒక్క శుక్రవారం నాడు పెడతాడు" అని నిల్దా అందరికీ చెప్పుకుని నవ్వేది. చేతిలో ఏమీ లేకపోయినా "ట్రూకో!" అని గర్జించి, పందెం పెంచి, ఎదుటి జట్టు భయపడి ముక్కలు పడేసేలా చెయ్యొచ్చు. ఎదుటివాళ్ళతో ఎన్ని అబద్ధాలాడినా ఆటే. జతగాడికి తప్పుడు సైగ చేస్తే మాత్రం క్షమించరు.

ఎవారిస్తో బస్సు నడిపి రిటైరయినవాడు. ఇప్పటికీ ఏ కుర్చీలో కూర్చున్నా పక్కకి తిరిగి అద్దం కోసం చూస్తాడు. నిరుడు చివరి ఆటలో నిల్దాకి కత్తి ఆసు వచ్చిన సంతోషం కిసుక్కుమని బయటపడి, ఎదుటివాళ్ళు జాగ్రత్తపడి, వీళ్ళు ఓడిపోయారు. అప్పుడే చెప్పాడు. "నీ మొహం వల్ల ఇంకోసారి ఓడామంటే ఆ కుర్చీలో మారుచా కూర్చుంటుంది, చెప్తున్నా."

మారుచా నిల్దాకి బిస్కెట్ల ఫ్యాక్టరీ నాటి స్నేహితురాలు. ప్రతి శుక్రవారం నిల్దా కుర్చీ వెనకే కూర్చుని ఊలు అల్లుతుంది. "నీకు ఏ జ్వరమో వస్తే నేనున్నాలేవే" అంటుంది ప్రేమగా. ఆ ప్రేమకి భయపడి నిల్దా ఎండలోనైనా సరే స్వెట్టరు వేసుకునే వచ్చేది. సోమవారం కుర్చీ వ్యాయామం, మంగళవారం చేతిరుమాళ్ళు ఊపుతూ డాన్సు, బుధవారం కాలిగోళ్ళు తీయించుకోవడం, ఇవన్నీ ఆమెకి శుక్రవారం దాకా కాలక్షేపాలు. ఆ కుర్చీ పోతే వారంలో మిగిలేవి కాలిగోళ్ళే.

పోటీ ఆదివారం పెట్టారు. రైలుపట్టాల అవతలి సంఘం నుంచి తీతో, అతని భార్య పొరోతా వచ్చారు. భోజనాలయ్యాయి, బల్లల మీద సాస్ మరకలు తుడిచారు, ఆట మొదలైంది.

నిల్దాకి ముక్కలు బాగా పడలేదు. పళ్ళు మాత్రం బాగా జారాయి. మూతి తిరిగింది. అది చూసి ఎవారిస్తో గుండె పొంగి "ట్రూకో!" అన్నాడు. ఓరకంట అదే చూసిన తీతో ముక్కలు పడేశాడు. ఎవరి చేతిలో ఏముందో విప్పి చూపాల్సిన పని లేకపోయింది. తర్వాతి ఆటలోనూ పళ్ళు జారాయి. మళ్ళీ ట్రూకో, మళ్ళీ తీతో పరారీ.

"కత్తి ఏడు ఇవాళ నీకు జిడ్డులా అంటుకుందేమిటే!" అన్నాడు ఎవారిస్తో.

నిల్దా నిజం చెప్పబోయింది. నోరు తెరిస్తే పైవరస కిందికొచ్చేలా ఉంది. పైగా హాలంతా చప్పట్లు కొడుతోంది. ఆ చప్పట్లు తన తెలివికి కాదని, డాక్టరు పనితనానికని ఎరిగి కూడా కాస్త తల వంచి అందుకుంది.

మధ్యలో ఆట ఆపి మాటే అనే ఆకు కషాయం కలిపారు. ఆ గిన్నె చేయి మారుతూ ఉండగా నిల్దా మారుచాని వంటగదిలోకి లాగింది.

"పళ్ళు నిలవడం లేదే. మూతి దానంతటదే తిరుగుతోంది."

"అయ్యో, అందుకా! ఎవారిస్తోతో చెప్పు మరి."

"హాలునిండా జనం. ఫొటో అయ్యేదాకా ఎవరికీ చెప్పకు, నీకు దణ్ణం పెడతా."

"నా నోట్లోంచి వస్తే ఒట్టు" అంది మారుచా.

అవతల పొరోతా మొగుడికి తలంటుతోంది. "ఆవిడ మూతి తిప్పినప్పుడల్లా పారిపోతావేం? పేకలో కత్తి ఏడు ఒక్కటే ఉంటుంది. ప్రతిసారీ ఆవిడకే పడుతుందిటయ్యా?"

తీతోకి జ్ఞానోదయమైంది. సాయంత్రానికి రెండు జట్ల పాయింట్లూ సమానమై చివరి ఆట మిగిలింది. నిల్దా ముక్కలు విప్పి చూసింది. నాలుగు, ఇంకో నాలుగు, ఒక ఐదు. ట్రూకోలో అంతకన్నా చెత్త వెతికినా దొరకదు. అప్పుడే పైవరస జారింది. మూతి తిరిగింది. వెంటనే గట్టిగా కళ్ళు మూసింది, చెత్తే ఉందని చెప్పడానికి. అప్పటికే ఎవారిస్తో చూడాల్సింది చూసేసి తీతో వైపు తిరిగిపోయాడు.

మొదటి చుట్టు ఎవారిస్తో ఒక మూడుతో గెలిచాడు. అతని దగ్గరున్న మంచి ముక్క అదే. మూడు చుట్లలో రెండు గెలిస్తే ఆట తమదే. ఇంకొక్క చుట్టు చాలు, దానికి నిల్దా ఉంది గదా. బస్సు హారన్‌లా "ట్రూకో!" అన్నాడు.

"రానీ" అన్నాడు తీతో.

నిల్దా నాలుగు వేసింది. ఎవారిస్తో కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఆ చుట్టు పోయింది. తర్వాత ఐదు వేసింది. ఆట పోయింది. అవతలివాళ్ళు లేచి గంతులేశారు. ఎవారిస్తో లేవలేదు.

"నాకు తప్పుడు సైగ చేశావా నిల్దా?" అన్నాడు మెల్లగా. అరిచినా బాగుండేది. "నాకు?"

నిల్దా వెనక్కి తిరిగి చూసింది. మారుచా సూదులు ఎన్నడూ లేనంత జోరుగా ఆడుతున్నాయి.

"ఏమే, చెప్పవే!"

"నాకేం తెలుసమ్మా. ఎవరికీ చెప్పొద్దన్నావుగా."

ఎవారిస్తో టోపీ అందుకున్నాడు. సంఘం అధ్యక్షుడు ఫోను పట్టుకుని "ఫొటోకి రండి, అంతా నవ్వాలి" అంటూ వస్తున్నాడు. పళ్ళా, కుర్చీయా? నిల్దా ఆలోచించింది. ఆమె జన్మలో అంత తక్కువసేపు ఆలోచించింది లేదు. నోట్లో చెయ్యి పెట్టి, పైవరస ఊడదీసి, బల్ల మీద ముక్కల మధ్యన పెట్టింది.

"ఇదుగోవయ్యా నీ కత్తి ఏడు" అంది. సగం మాట గాలిగా పోయింది. "పొద్దుటినుంచీ నీకు సైగ చేసింది ఇదే. నేను కాదు."

ఎవారిస్తో వంగి ఆ పళ్ళని అటునుంచీ ఇటునుంచీ చూశాడు.

"ఇది కత్తేనా, కర్రా?" అన్నాడు.

ముందు పొరోతా నవ్వింది. తర్వాత తీతో. ఆపైన ఎవారిస్తో బల్ల గుద్ది మరీ నవ్వాడు. అందరికన్నా ఎక్కువ నిల్దాయే నవ్వింది, కడుపు పట్టుకుని, నోరంతా తెరిచి. సరిగ్గా అప్పుడే అధ్యక్షుడి ఫోను మెరిసింది.

ఆ ఫొటో ఇప్పుడు గోడ మీదుంది. నిల్దా చిగుళ్ళతో నవ్వుతోంది, పళ్ళు పక్కన ముక్కల్లో నవ్వుతున్నాయి. "నా పళ్ళు ఫొటోలో పడాలనుకున్నాను, పడ్డాయి. ఎక్కడ పడాలో వాటికి చెప్పడం మరిచాను" అంటుంది వచ్చినవాళ్ళతో.

మర్నాడే పళ్ళు డాక్టరుకి ఇచ్చేసింది. శుక్రవారం బోసినోటితోనే వచ్చి తన కుర్చీలో కూర్చుంది. వెనక మారుచా ఊలుండ తీసింది. ఎవారిస్తో ముక్కలు పంచి, ఆమె వంక చూసి, ముక్కలు దించేశాడు.

"ఇప్పుడేమయింది?" అంది నిల్దా.

"పళ్ళు లేక నీ పెదాలు ముందుకొచ్చేశాయే. ఒకటే ముద్దులు పెడుతున్నావు. నీ దగ్గర రెండుందనుకోనా, లేదనుకోనా?"

"నా మూతి జోలికి పోకు. కనుబొమలు చూడు చాలు. అవి నా సొంతవే."

"జ్వరంగానీ ఉందేమిటే?" అంది వెనకనుంచి మారుచా.

నిల్దా స్వెట్టరు గుండీలు పెట్టుకుని ముక్కలు విప్పింది.