ఓవెన్ గంట

"ఎంతసేపు, పది నిమిషాల పనేగా. ఆ పాస్తా ఏదో ఓవెన్‌లో పడేయి" అన్నాడు ఆయన, వెంటబెట్టుకొచ్చిన చెల్లెలి పక్కన సోఫాలో కూలబడుతూ.

పడేయడమే అయితే ఆయనే పడేసేవాడు. పాస్తా ఉడకాలి, చీజ్ తురమాలి, సాస్‌కి వెన్నలో మైదా వేయించి, పాలు పోస్తూ తిప్పుతూనే ఉండాలి. చెయ్యి ఆపితే ఉండలు కడుతుంది. ఉండలు కడితే అత్తగారు ఒక్కొక్కటే ఏరి ప్లేటు అంచున పేరుస్తుంది, నోరెత్తి ఒక్క మాటనదు. పొద్దుట్నుంచీ హాస్పిటల్ ల్యాబ్‌లో రక్తం శాంపిళ్ళ ముందు నిలబడిన కోడలి కాళ్ళు ఇప్పుడు పొయ్యి ముందు నిలబడ్డాయి. ఈ ఇంట్లో మాటలన్నీ ఆమె వీపుతోనే వింటుంది.

"వదినా, ఆ ల్యాబ్ ఇన్‌చార్జి పోస్టు ఏమైంది?" అడిగింది ఆడపడుచు.

ఆమె నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "అదా, ఆదివారం వాళ్ళ మేడమ్ ఫోన్ చేసింది. ఈవిడ స్నానానికి వెళ్ళింది. నేనే వద్దని చెప్పేశా. రాత్రి డ్యూటీలూ అవీ కూడా చూడాలట, తనవల్ల ఎక్కడవుతుంది?"

"మంచిపని చేశావు నాన్నా" అంది అత్తగారు. "ఒళ్ళు గుల్ల చేసుకోవడం తప్ప ఏముంది అందులో."

గరిటె ఆగలేదు. తన చెయ్యి మీద తనకే అసహ్యం వేసింది. పిలుస్తారేమోనని ఈ వారమంతా ఏదో ఒక వంకతో మేడమ్ గది ముందు తచ్చాడింది. ఆవిడ ముభావంగా ఉంటే, తానేం తప్పు చేసిందోనని కుమిలిపోయింది. ఆ బాధ వెళ్ళబోసుకున్నది కూడా ఈయన దగ్గరే. "రాసిపెట్టి ఉంటే వస్తుందిలే" అని ఓదార్చాడు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ట్రే లోపల పెట్టి టైమర్ తిప్పింది. ఆ గంట మోగితే అందరూ ఆమెవైపు చూడటం ఆ ఇంటి అలవాటు. గంట మోగినా దానంతటది ఆగని ఆ ఓవెన్‌ని ఆపే మీట ఎటు తిప్పాలో ఇంకెవరూ నేర్చుకోలేదు. ఆమె గిన్నెలన్నీ కడిగి, చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చింది, ఆయనకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది, ఫోన్ చేసింది.

"మేడమ్, ఆ పోస్టు వద్దని నేను అనలేదు."

అవతలి గొంతు తటపటాయించింది. "అయ్యో, నిన్ననే వేరే అమ్మాయికి ఇచ్చేశామమ్మా. మీవారు అంత గట్టిగా చెప్పేసరికి..."

పోయింది. ఇన్నేళ్ళు కాచుకున్నది, స్నానం చేసి వచ్చేలోపు పోయింది.

"సరే మేడమ్. నైట్ డ్యూటీకి మనుషులు చాలట్లేదన్నారుగా, రేపట్నుంచి నాకు వేయండి. ఇకమీదట నా సంగతి నాతోనే మాట్లాడండి."

"ఏంటిది, నన్నడక్కుండా" అంటూ ఆయన సగం లేచాడు. అప్పుడే వంటింట్లో గంట మోగింది. మూడు తలలూ ఆమెవైపు తిరిగాయి. గంట ఆగింది. కాసేపటికి మాడు వాసన మొదలైంది.

"గంట మోగింది, వినపడలేదా?" అన్నాడు.

"వినపడింది" అంది ఆమె, కుర్చీలోంచి లేవకుండా. "మీకూ వినపడిందిగా."