నా చెయ్యి అందులోనే ఉంది

మార్చి ఆరో తేదీ నాకు బాగా గుర్తు. మా ఘనా దేశానికి స్వాతంత్ర్య దినం, సెలవు. వీధి చివర బడిపిల్లలు బ్యాండు వాయిస్తుంటే, మా లోగిలి మధ్యలో స్టూలు మీద కూర్చుని పిడికెడు ఫూఫూ, గిన్నెడు సూప్, పొగబెట్టిన చేప ముక్క ఒకటి తిన్నాను. అంతకుమించి ఏమీ ముట్టలేదు. పండగ పూట కూడా నోరు కట్టుకోగలిగానని లోలోపల మురిసిపోయాను. మర్నాడు ఆసుపత్రిలో తూకం ఎక్కితే నూట ఏడు కిలోలు. అంతకు ముందు నెలా నూట ఏడే. దానికి ముందు నెలా అంతే.

ఆ ముందు ఏడాదంతా బరువు బుద్ధిగా దిగుతూ వచ్చింది. నూట ఇరవై దాటి ఉన్నవాణ్ణి. సాయంత్రం రొట్టె మానేశాను, బీరు మానేశాను, ఫూఫూ ముద్దను నా పిడికిలితో కొలుచుకున్నాను. ఇంక వంద ఎంత దూరం అనుకుంటూ ఉండగా ముల్లు ఆగిపోయింది.

వంద అన్నది మోకాలి డాక్టరు పెట్టిన షరతు. ఆగస్టులో అక్రా నుంచి శస్త్రచికిత్స చేసే బృందం మా కుమాసికి వస్తుంది. అప్పటికి వంద లోపు ఉన్నవాళ్ళకే మోకాలి కీలు మారుస్తారు. మళ్ళీ ఎప్పుడొస్తారంటే ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

మా గది మేడ మీద ఉంది. నా భార్య కొనాదూ నేనూ ముప్పై ఏళ్ళు కాపురం చేసిన గది. ఆమె చనిపోయిన ఏడాదికల్లా నా కుడి మోకాలు మెట్లెక్కనని మొండికేసింది. అప్పటి నుంచి కింద, మా మరదలు దుఫీ గుడ్డల మూటలు దాచుకునే కొట్టు గదిలో పడుకుంటున్నాను. కొత్త గుడ్డ వాసన మధ్య నిద్ర బాగానే పట్టేది. కానీ కిటికీలోంచి చూస్తే పైన మా గది తలుపు కనిపించేది. మనిషి తన మంచం ఉన్న గదిని కింద నిలబడి చూస్తూ ఉండటం ఒక వింత సంగతి.

దుఫీ కొనాదుకి చెల్లెలు. కెజెటియా మార్కెట్లో గుడ్డలు అమ్ముతుంది. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. అక్క పోయిన మర్నాటి నుంచి నాకు వండి పెట్టడం తన పని చేసుకుంది. అడగలేదు, చెప్పలేదు. గిన్నె తెచ్చి ముందు పెట్టింది, అంతే.

ఆసుపత్రిలో తిండి సంగతి చూసే అమ్మాయి పేరు అయిషెతు. తూకం చూసి పెదవి కొరుక్కుంది.

"సర్, నిజం చెప్పండి. లోగిట్లో ఎవరైనా తినమని పిలిస్తే ఏం చేస్తారు?"

"పిలవకుండా ఎవరు తింటారమ్మా? మీ ఇంట్లో పిలవరా?"

"పిలుస్తారు. అందుకే అడుగుతున్నా."

"ఎవరు పిలిచినా 'నా చెయ్యి అందులోనే ఉంది' అంటాను. అనేసి నడిచిపోతాను. వేలు కూడా పెట్టను."

మాలో ఎవరైనా గిన్నె ముందు కూర్చుంటే, దారిన పోయేవాణ్ణి రమ్మనకుండా ముద్ద ఎత్తరు. వద్దని అంటే గిన్నెను తోసేసినట్టు. అందుకని నా చెయ్యి మీ గిన్నెలోనే ఉంది, తిన్నట్టే అనుకోండి అని చెప్పి సాగిపోతాం. కడుపు నిండదు, మర్యాద నిండుతుంది.

"అయితే నమిలి తినండి సర్. ప్రతి ముద్దా బాగా నమలాలి."

"ఫూఫూనా? నమలాలా?"

"మాకు పుస్తకంలో అలాగే చెప్పారు సర్" అంది ఆ అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ.

ఫూఫూని ఎవరైనా నములుతారా? కర్రపెండలం, అరటికాయ ఉడికించి, రోట్లో మెత్తగా దంచేదే మింగడానికి. పళ్ళు చేసే పని రోకలి చేసేసింది. అయినా ఆ సాయంత్రం నమిలాను. ఎదురింటి టైలర్ బోడీ మిషను ఆపేసి చూశాడు.

"ఒరే, అందరూ రండిరా! మాస్టారు ఫూఫూ నములుతున్నారు! కొత్త పళ్ళొచ్చాయా మాస్టారూ?"

"నోరు మూసుకుని ఆ ప్యాంటు కుట్టుకో."

"ఇది మీదే మాస్టారూ. నడుము తగ్గించమని క్రిస్మస్‌కి ముందు ఇచ్చారు. ముందు మీ నడుము తగ్గనీ, తర్వాత దీన్ది తగ్గిద్దామని ఉంచా."

దుఫీ కూడా నవ్వింది. అయితే ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఏప్రిల్‌లోనూ నూట ఏడే. అయిషెతు ఈసారి, "వండేవాళ్ళని తీసుకురండి సర్" అంది.

దుఫీ తనకున్న వాటిలో మంచి గుడ్డ కట్టుకుని, తలగుడ్డ గోపురంలా చుట్టి, న్యాయస్థానానికి వచ్చినట్టు వచ్చింది. కుర్చీ చాలక అంచు మీద కూర్చుంది.

"సూప్‌లో ఏమేం వేస్తారమ్మా?"

"టమాటా, ఉల్లిపాయ, మిరపకాయ, వంకాయ. ఇంకేం వేస్తారు? నువ్వు వంట చెయ్యవా?"

"చేస్తానమ్మా. చిక్కగా ఉంటుందా, పల్చగా ఉంటుందా?"

"వంకాయ వేస్తే చిక్కబడదూ?"

దుఫీని వెనకేసుకు రావాలని నేను మధ్యలో కల్పించుకున్నాను. "ఈ మధ్య దుఫీ సూప్ అచ్చం వాళ్ళ అక్క చేతి సూప్‌లా ఉంటోందమ్మా. బరువు తగ్గకపోయినా ఆ రుచి మళ్ళీ దొరికింది, అదే చాలనిపిస్తుంది నాకు."

అంతే. దుఫీ తలగుడ్డ ముందుకి వాలింది. దాని కింద నుంచి గొంతు వచ్చింది.

"ఇంక నన్ను పొగడకు బావా. ఇందులో నా చెయ్యి ఉంది."

క్రిస్మస్ అప్పటి నుంచి దుఫీ అగుషి గింజలు వేయించి, మెత్తగా నూరి, వంకాయ గుజ్జులో కలిపి నా సూప్‌లో పోస్తోందట. మంచి నూనె గింజలవి. కొనాదు కూడా అలాగే వేసేది. నేను పిడికిలితో కొలిచే ముద్ద సంగతి కూడా చెప్పింది. దంచేటప్పుడు రోట్లో నీళ్ళు చిలకరించకుండా గట్టిగా దంచితే, రెండు పిడికిళ్ళ ఫూఫూ ఒక పిడికిట్లో ఇమిడిపోతుందట.

"ఎందుకమ్మా?" అంది అయిషెతు. కోపంగా కాదు.

"ఎందుకా? ప్రతి శనివారం ఏదో ఒక చావింటికి వెళ్తాం కదా. మార్కెట్ ఆడవాళ్ళందరూ అక్కడే ఉంటారు. 'చూడండే, అక్క పోయింది, ఈవిడ బావ కడుపు మాడుస్తోంది. ఈవిడ మాత్రం ఒళ్ళు చేసింది' అంటున్నారు. నా మొహం మీదే అన్నారు! లావుగా ఉన్న మనిషిని చూపించి వీణ్ణి నేను సాకానని చెప్పుకోవచ్చు. సన్నబడ్డవాణ్ణి చూపించి ఏం చెప్పుకోను? పైగా ఆపరేషన్ అంటే కోత. ఒంట్లో బలం లేనివాణ్ణి కోతకి ఎలా పంపను? అక్క పైనుంచి చూస్తూ ఉంటుంది."

అయిషెతు తన కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "అమ్మా, ఒంట్లో కొవ్వు ఎక్కువ ఉంటే మత్తు ఇవ్వడం కష్టం. బలం వేరు, బరువు వేరు. చేప పెట్టండి, బీన్స్ పెట్టండి, కోడిగుడ్డు పెట్టండి. అవి బలం. సర్ మేడ ఎక్కాలా వద్దా?"

దుఫీ నా వైపు తిరిగింది. "నువ్వు ఆపరేషన్ అడిగేది మేడ కోసమా? నొప్పి కోసం అనుకున్నా. నా కొట్టు గది ఇరుగ్గా ఉందని ఒక్కసారి కూడా అనలేదే!"

"ఇరుగ్గా ఏం లేదు దుఫీ. గది బాగానే ఉంది. అది మా గది కాదు, అంతే."

తిరిగి వచ్చేటప్పుడు ట్రోట్రో వ్యానులో దుఫీ కిటికీ పక్క సీటు నాకిచ్చి, బూతులు మాట్లాడుతున్న డ్రైవరుతో కూడా ఒక్క మాట తగవు పెట్టుకోలేదు. అంత బాధపడిందని దానివల్లే తెలిసింది.

ఆ సాయంత్రం సూప్ పల్చగా, ఎర్రగా, అడుగున గిన్నె కనిపించేటట్టు వచ్చింది. ఫూఫూ మెత్తగా, తేలికగా ఉంది. పాత రుచి లేని ఆ సూప్‌తోనే ఇద్దరం తిన్నాం. కొనాదు మరోసారి లేచి వెళ్ళిపోయినట్టనిపించింది. దుఫీకీ అలాగే అనిపించి ఉండాలి.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

మే మొదట్లో తూకం ముల్లు కదిలింది. నూట నాలుగు. అయిషెతు చప్పట్లు కొట్టింది. దుఫీ ముల్లు దగ్గరికి వంగి, అది మళ్ళీ వెనక్కి వస్తుందేమోనన్నట్టు కాసేపు చూసింది.

ఆ నెలలోనే ఒక శనివారం మార్కెట్ పెద్దావిడ తల్లి అంత్యక్రియలు. ప్లాస్టిక్ కుర్చీల వరసలు, డప్పులు, నల్ల గుడ్డల్లో ఊరంతా. నేను కట్టుకున్న నల్ల గుడ్డ భుజం మీద నిలవడం లేదు. కింద మనిషి తగ్గాడు మరి. వరసలో అందరికీ చెయ్యి కలుపుతూ వెళ్తుంటే అది జారింది. పట్టుకునేలోపే ఉల్లిపాయలు అమ్మే ఒకావిడ బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో, ఇదేం ఖర్మ! మాస్టారికి ఏం రోగమొచ్చింది? దుఫీ, ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నావా లేదా?"

డప్పులు ఆగాయి, రెండు వరసల వాళ్ళు మా వైపు తిరిగారు. నేను తల దించుకున్నాను. దుఫీ ఇప్పుడు ఏమైపోతుందోనని భయమేసింది. ఇంటికెళ్ళి మళ్ళీ అగుషి నూరినా నేను ఏమీ అననని కూడా ఆ క్షణంలో నిర్ణయించుకున్నాను.

దుఫీ లేచింది. వచ్చి నా గుడ్డ అంచు పట్టుకుని, ఒక చుట్టు ఎక్కువ తిప్పి, భుజం మీద గట్టిగా వేసింది. తర్వాత మార్కెట్లో బేరానికి వాడే గొంతు తీసింది.

"రోగం నీ ఉల్లిపాయలకి! మా బావ చిక్కిపోలేదు, తగ్గుతున్నాడు. కావాలనే తగ్గుతున్నాడు. ఆగస్టులో కొత్త మోకాలు పెట్టించుకుని మా అక్క గదికి మెట్లెక్కుతాడు. రోజూ ఏం తినాలో చూసి వండేది ఎవరనుకున్నావ్? ఇందులో నా చెయ్యి ఉంది! లావు చెయ్యడం ఎవరికైనా వచ్చు. ఇంత మనిషిని ఇంతకి తెచ్చి, మొహంలో కళ తగ్గకుండా నిలబెట్టు చూద్దాం, నీ వల్ల అవుతుందేమో!"

ఎవరో పకపకా నవ్వారు. ఉల్లిపాయలావిడ కూడా నవ్వేసి, "సరేలే తల్లీ, మా ఆయన్నీ నీ దగ్గరికి పంపుతా. ఆయన కింద కుర్చీ కూడా మూలుగుతోంది" అంది. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. నేను తల ఎత్తి, వరస చివరిదాకా చెయ్యి కలుపుతూ నడిచాను. ఆ గుడ్డ మళ్ళీ జారలేదు. జీవితంలో నాకు చాలా సన్మానాలు జరిగాయి, రిటైరైన రోజు గడియారం కూడా ఇచ్చారు. ఒక మనిషి నన్ను చూసి అంత గర్వపడటం మాత్రం కొనాదు తర్వాత మళ్ళీ అప్పుడే చూశాను.

జూలైలో తొంభై తొమ్మిది. బోడీ ఆ ప్యాంటు నడుము తగ్గించి, వద్దన్నా వినకుండా ఇస్త్రీ చేసి తెచ్చాడు. మా లోగిట్లో ఎవరు తింటున్నా, "మాస్టారూ, రండి" అన్నాక నేను నోరు తెరిచేలోపే ఆ మాట వాళ్ళే అనేవాళ్ళు. "తెలుసు, తెలుసు, మీ చెయ్యి ఇందులోనే ఉంది. దుఫీ చూస్తోంది, వెళ్ళండి!"

ఆగస్టులో మోకాలు మార్చారు. కర్రతో, తర్వాత కర్ర లేకుండా, వరండాలో అటూ ఇటూ నడిచాను. ఉత్తరం నుంచి దుమ్ముగాలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం, పల్చటి సూప్ తాగి చెయ్యి కడుక్కుని, "ఇవాళ ఎక్కుతాను" అన్నాను.

దుఫీ ముందు వెళ్ళలేదు, చెయ్యి పట్టుకోలేదు. మంచినీళ్ళ కూజా ఒకటి చేత్తో పట్టుకుని, ఒక మెట్టు కింద నా వెనకే వచ్చింది. నేను పడితే తన మీదే పడాలని. మధ్యలో ఆగాను. కింద బోడీ మిషను చప్పుడు కూడా ఆగింది. మళ్ళీ ఎక్కాను.

గదిలో పక్క దులిపి ఉంది. కిటికీ కింద కొనాదు చెప్పులు ఉన్నచోటే ఉన్నాయి. మంచం మీద కూర్చుంటే అది నన్ను గుర్తుపట్టినట్టు పాత చప్పుడే చేసింది, కాస్త చిన్నగా. దుఫీ కూజా తలవైపు పెట్టింది. కళ్ళు తుడుచుకోవడం నేను చూడకూడదని గుడ్డి దీపం వత్తి తగ్గించే పని పెట్టుకుంది.

"పొద్దున్నే బీన్స్ పెడతా. కిందికి దిగిరా బావా. పైకి మోసుకురాను."

"దిగుతాను."

ఆ తలుపు కింద నేలకి రాసుకుంటుంది. కొంచెం పైకెత్తి లాగితేనే చప్పుడు కాదు. ఆ కిటుకు కొనాదుకి తెలుసు. దుఫీ బయటికి వెళ్ళి, రెండు చేతులతో తలుపును కొద్దిగా ఎత్తి, మెల్లగా దగ్గరికి వేసింది.