గడియ వైపు

ఏటి గట్టు తెగి నీళ్ళు ఇళ్ళలో మోకాలి లోతు నిలిచిన ఏడాది అది. నీళ్ళు తీశాక ఊళ్ళో ఒక్క తలుపూ సరిగా పడలేదు. అన్నీ ఉబ్బిపోయాయి. వడ్రంగికి నాలుగు నెలలు ఊపిరాడనంత పని. తలుపు ఎక్కడ రాసుకుంటోందో వేలితో తడిమి, అక్కడే చిత్రిక పట్టేవాడు. గడియ వైపు మాత్రం చెయ్యి వేసేవాడు కాదు. అటు ఎక్కువ తీస్తే, ఎండలకు చెక్క ఆరాక గడియ అందదు. తలుపు ఉన్నా లేనట్టే.

ఆ నాలుగు నెలల్లోనే అతనికి ఒంటికి వెళ్ళడం కష్టమైంది. గంటకోసారి వెళ్ళి నిలబడితే నాలుగు బొట్లు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందనీ, లోపల్నుంచి చెక్కెయ్యాలనీ డాక్టరు అన్నాడు. చెక్కడం అనే మాట దగ్గరే వడ్రంగికి అనుమానం పుట్టింది.

నిరుడు వేరే ఆస్పత్రిలో ఇదే ఆపరేషన్ చేయించుకున్న బావమరిది దాన్ని ఇంకా పెంచాడు.

"నీళ్ళు కుళాయి తిప్పినట్టు పోతున్నాయి బావా. రెండోదే పోయింది. ఇప్పుడు నేనూ మా ఆవిడా రైల్లో పక్కపక్క సీట్ల వాళ్ళలా ఉన్నాం."

"ముందు చెప్పలేదా వాళ్ళు?"

"నేనడిగితేగా."

పిల్లల పెళ్ళిళ్ళయ్యాక ఆదివారం మధ్యాహ్నాలు వడ్రంగివీ, అతని భార్యవీ అయ్యాయి. పడకగది గడియ పడే చప్పుడంటే అతనికి ఈ వయసులోనూ ఇష్టమే. అది పోతుందేమోనన్నదే దిగులు. పైకి ఎవరితోనూ అనలేదు.

రెండోసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు డాక్టరు గది తలుపు చూశాడు. వరద తర్వాత ఎవరో గడియ వైపు ఇష్టమొచ్చినట్టు చెక్కేశారు. వేలు దూరేంత సందు. గడియ అందక, అట్టముక్క మడిచి దోపారు. సొంత తలుపునే ఇలా చెక్కనిచ్చినవాడు నా ఒంట్లో ఎక్కడ ఆపుతాడు అనుకున్నాడు.

ఆ రోజు డాక్టరు అతన్ని బయట కూర్చోబెట్టి, భార్యను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. సందులోంచి చూస్తే ఆమె తల దించుకుని ఉంది. ఏదో చెప్పింది. ఒక కాగితం సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది.

"ఏమడిగాడు?"

"ఏం లేదు. బస్సొస్తోంది, నడవండి."

ఇంటికొచ్చి చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూర్చుంది. ఇక తనకా అవసరం లేదని రాసిచ్చేసిందని అతనికి గట్టిగా తోచింది. సాయంత్రం దాకా ఆ సంచి వంకే చూశాడు. చివరికి అడిగేశాడు.

"నీకక్కర్లేదని చెప్పొచ్చావా?"

ఆమె చేతిలో కాయ పక్కన పెట్టింది.

"మొదటిసారి వెళ్ళినప్పుడు, ఆలుమగల సంబంధం ఉందా అని మిమ్మల్నడిగాడట. ఏమన్నారు?"

అతను బొటనవేలికంటిన జిగురు గోక్కున్నాడు. "పక్కన నర్సమ్మ ఉంది."

"ఉంటే?"

"ఈ వయసులో ఏముంటుందండీ అన్నాను."

"అదే రాసుకున్నాడు. లేదన్నవాళ్ళకి మొత్తం చెక్కేస్తాడట. ఉందంటే అది పోకుండా చివరివైపు కాస్త వదిలేస్తాడట. మీ మాట నమ్మబుద్ధి కాక నన్ను పిలిచాడు."

"నువ్వేమన్నావ్?"

"ఉందన్నాను. ఆదివారాలని కూడా చెప్పాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. నేను చెబితే చాలదట. వదిలిన చోట మళ్ళీ పెరగొచ్చట, మళ్ళీ రావాల్సి రావచ్చట. అయినా కావాలో వద్దో మీ నోటితో చెప్పి, రేపు ఆపరేషన్‌కి ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టాలట."

"ఇందాక అడిగితే చెప్పలేదేం?"

"లేదన్నారని తెలిశాక నాకు మాత్రం మండదా? పొద్దుగూకే దాకా మిమ్మల్నీ ఉడకనిద్దామనుకున్నా."

మర్నాడు పొద్దున్నే అతను పనిముట్ల సంచి తీసుకుని, పచ్చి మంచినీళ్ళయినా తాగకుండా ఆస్పత్రికి వెళ్ళాడు. వెనక భార్య. డాక్టరు వచ్చేసరికి ఆయన గది తలుపు ఊడదీసి, రెండు బల్లల మీద పడుకోబెట్టి ఉంది.

"పెద్దాయనా, ఇవాళ ఆపరేషన్ మీకు. ఇదేమిటి?"

"గడియ వైపు ఎక్కువ తీసేశారండి. పట్టీ వేస్తున్నాను. చెక్క గనక సరిపోయింది, అతుకుతుంది."

నర్సు అక్కడే నిలబడి ఉంది. వడ్రంగి తలెత్తలేదు.

"ఆ రోజు అబద్ధం చెప్పాను. ఉందండి. ఆ వైపు ముట్టుకోవద్దు. మళ్ళీ పెరిగితే మళ్ళీ వస్తాను."

"జాగ్రత్తగా చేస్తాను. పూర్తి హామీ మాత్రం ఇవ్వలేను," అన్నాడు డాక్టరు.

పనికి ముందే పూర్తి హామీ ఇచ్చే పనివాణ్ణి వడ్రంగి ఎప్పుడూ నమ్మలేదు. మొదటిసారి ఆయన మొహంలోకి చూశాడు. అయినా డాక్టరు ఫైలులో పాత మాట కొట్టేసి కొత్తది రాస్తుంటే, వెళ్ళి పక్కన నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాకే భార్య తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టాడు.

తర్వాత తలుపు బిగించి, గడియ రెండుసార్లు వేసి తీశాడు. సరిగ్గా పడింది. సంచి భార్య చేతికిచ్చి, నర్సు వెంట లోపలికి నడిచాడు.