ముప్పై రెండో సెకను

మా కోడలి ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సార్ ఇంకా సంతకం పెట్టలేదు. మూడు నెలలు పని చూసి పెడతానన్నారు. రెండు నెలల ఇరవై రోజులు చూశాక ఆయన దృష్టి ఫోన్ల మీద పడింది.

మాది వాషింగ్ మెషీన్లు బాగుచేసే ఆఫీసు. నేను ఫోన్ దగ్గర కూర్చుంటాను. ఎవరి మెషీన్ ఆగిందో, వాళ్ల ఇల్లెక్కడో నోట్‌బుక్‌లో రాసుకుని మెకానిక్‌లకు చీటీలు ఇస్తాను. మా కోడలు కంప్యూటర్లు చూస్తుంది. ఆఫీసులో మేమిద్దరం అత్తాకోడళ్లమని సార్‌కు తెలుసు కానీ, తెలియనట్టే ఉంటారు. మేమూ అంతే.

"ఫోన్లు నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందట, ఎవరైనా ఊరికే దించుకోవచ్చటమ్మా. లినక్సు అనేదాంట్లో పెట్టేస్తే కంప్యూటరే ఫోన్ల ఎక్స్ఛేంజీ అయిపోతుందట. నెలాఖరుకల్లా పెట్టెయ్. నీ కాగితం కూడా అప్పుడే చూద్దాం," అన్నారు సార్.

"కొంచెం టైం పడుతుంది సార్."

"ఊరికే వచ్చేదానికి టైమెందుకమ్మా?"

కోడలు నా వైపు చూసింది. నేను నోట్‌బుక్ వైపు చూశాను.

సామాన్ల గదిలో, విప్పి పడేసిన డ్రమ్ములకూ తెగిన బెల్టులకూ మధ్య కోడలు ఒక పాత కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చీమల బారులా పైకి పోతుండేవి. ఉన్నట్టుండి ఆగిపోయేవి. ఫలానా ఫైలు లేదని మొండికేసేది. అది తెచ్చిపెడితే, దానికి తోడు ఇంకోటి లేదనేది.

"కాపురానికి వచ్చిన కొత్తలో నువ్వూ ఇంతేగా. మంచం కావాలన్నావు. కొంటే, కిటికీ పక్కన వేయాలన్నావు," అన్నాను.

"కిటికీ పక్కన వేశాక ఇంకేమైనా అడిగానా అత్తయ్యా?"

"తెర అడిగావు."

మూడో రోజు సాయంత్రానికి నా బల్ల మీద కొత్త ఫోన్ మోగింది. కోడలు పరుగున వచ్చి పక్కన నిలబడింది. చేసినావిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. మాకు పాత కస్టమరు.

"ఏం లేదమ్మా, మా చెల్లెలు వస్తోందని దుప్పట్లన్నీ ఒకేసారి వేశాను. సగం తిరిగాక నీళ్లతో సహా ఆగిపోయింది. తలుపు తీద్దామంటే..."

ఫోన్ ఆగిపోయింది. మళ్లీ మోగింది.

"ఏమ్మా, పెద్దదాన్ని మాట్లాడుతుంటే పెట్టేస్తావా?"

"నేను పెట్టలేదమ్మా, అదే పెట్టేసుకుంది."

"నా దగ్గర పిల్లలు కూడా హోంవర్కు గురించి ఇలాగే చెప్పేవాళ్లు. వాళ్లను నమ్మానా, నిన్ను..."

మూడోసారి ఆవిడ ఇంటి నంబరు ఒక్కటే చెప్పింది. నా చేయి నెమ్మది. అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ రాస్తాను. నంబరు రాసి, వీధి పేరు అడిగేలోపు మళ్లీ ఆగిపోయింది.

కోడలు చేతి గడియారం పట్టుకుంది. ఏ ఫోనైనా సరిగ్గా ముప్పై రెండో సెకనుకు తెగిపోతోంది.

వైర్లు మార్చింది. ఫోన్ మార్చింది. కంప్యూటర్‌ను పదిసార్లు ఆపి మళ్లీ పెట్టింది. ముక్కూ మొహం తెలియని వాళ్లు ఎప్పుడో ఇంటర్నెట్‌లో రాసి పెట్టిన సలహాలన్నీ చదివింది. తనలాంటి బాధే పడ్డ ఒకడు "నాకు బాగైపోయింది" అని మాత్రం రాసి, ఎలాగో చెప్పకుండా పోయాడట. వాడి వంశం మొత్తాన్నీ తలుచుకుంది.

అలా రోజులు పోతుండగా శుక్రవారం సార్ నవ్వుతూ వచ్చారు. చేతిలో కంప్యూటర్ ఇచ్చిన రిపోర్టు ఉంది.

"పోయిన వారం రోజుకు నలభై ఫోన్లు. మీ నోట్‌బుక్‌లోనే చూశాను. ఈ వారం రోజుకు నూట ఇరవై. మూడు రెట్లు. ఏం పెట్టావమ్మా అందులో?"

"అది సార్, ఫోన్ మధ్యలో తెగిపోతోంది. అదొక లోపం. ఒక్కొక్కరూ మూడేసి సార్లు చేయాల్సి వస్తోంది," అంది కోడలు.

"మూడేసి సార్లు చేస్తున్నారంటే మనమంటే ఎంత నమ్మకం ఉండాలి?"

"నోట్‌బుక్‌లో ఈ వారమూ నలభయ్యే ఉన్నాయి సార్," అన్నాను నేను.

"రాయడంలో మీరు వెనకబడుతున్నారన్నమాట. పరవాలేదు, నెమ్మది మీద అలవాటవుతుంది."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే మనిషి. ఆయనతో ఏం వాదిస్తాం?

శనివారం కోడలికి లోపం దొరికింది. మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకుంటూ చెప్పింది.

"మనం ఫోన్ ఎత్తగానే మన కంప్యూటర్ 'ఎత్తాం' అని బయటి ఫోన్ కంపెనీకి కబురు పంపుతుంది. వాళ్లు 'సరే, తెలిసింది' అని తిరిగి చెప్పాలి. ఆ సరే రాకపోతే, ముప్పై రెండు సెకన్లు చూసి పెట్టేస్తుంది."

"వాళ్లెందుకు చెప్పట్లేదు?"

"చెబుతున్నారు. కానీ మనది తప్పు అడ్రసు ఇస్తోంది. వీధి పేరు చెప్పకుండా 'సామాన్ల గది, కిటికీ పక్కన' అని ఇస్తే ఉత్తరం వస్తుందా? బయటి అడ్రసు ఒక్క లైను రాయాలి. ఇప్పుడే రాశాను."

"మీ మామగారి నోటి నుంచి ఒక్క సరే కోసం నేను పద్దెనిమిదేళ్లు చూశాను. దీనికి అరనిమిషం ఓపిక లేదు," అన్నాను.

సోమవారం ఒక్క ఫోనూ తెగలేదు. రిపోర్టులో నలభై వచ్చింది. మంగళవారం నలభై ఒకటి. బుధవారం సార్ కోడల్ని పిలిచారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకంతా వినబడింది.

"ఏం చేశావు?"

"బాగుచేశాను సార్."

"బాగున్నదాన్ని బాగుచేయమని ఎవరన్నారు?"

ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"నాకవన్నీ వద్దమ్మా. శుక్రవారానికి ఆ నూట ఇరవై మళ్లీ కనబడాలి. లేదంటే నీ కాగితం సంగతి తర్వాత చూద్దాం."

కోడలి కుర్చీలో ఇంతకుముందు కూర్చున్న ముగ్గురూ ఈ 'తర్వాత చూద్దాం' విన్నవాళ్లే. ఆ ముగ్గురూ ఇప్పుడు ఆఫీసులో లేరు.

మెట్ల మీద కూర్చుని కోడలు కళ్లు తుడుచుకుంది. "ఒక్క లైను తీసేస్తే చాలు అత్తయ్యా, మళ్లీ పాడవుతుంది. కళ్లు కాయలు కాసేలా వెతికి పట్టుకున్నాను. నా చేతులతో నేనే పాడుచేయనా?"

ఆ పిల్లను ఇంతకుముందు అలా చూడలేదు. కాసేపు ఆలోచించి అడిగాను. "నీ రిపోర్టు వచ్చిన ఫోన్లే లెక్కపెడుతుందా, మనం చేసినవి కూడానా?"

"అన్నీ కలిపే. విడిగా చూపించమని సార్ అడగలేదు."

"అయితే ఆ లైను జోలికి పోకు."

గురువారం పొద్దున్న మొదట హెడ్మిస్ట్రెస్‌కే చేశాను. దుప్పట్ల తర్వాత ఆవిడ మెషీన్ గొట్టం కారుతోందని ముందురోజే రాయించింది.

"మెకానిక్ బయల్దేరాడమ్మా."

"ఎవరూ? పెట్టేసే ఆవిడవా?"

"ఈసారి మీరు పెట్టేదాకా పెట్టను."

ఆవిడ పదకొండు నిమిషాలు పెట్టలేదు. సాయంత్రం మళ్లీ చేసి, కారడం ఆగిందా అని అడిగాను. అలా ప్రతి ఇంటికీ బయల్దేరేముందు ఒకటి, పనయ్యాక ఒకటి చేశాను.

మెకానిక్‌లలో ఒకడు సాయంత్రం చీటీలు తిరిగిస్తూ, "అక్కా, ఇవాళ ఒక్క ఇంటికీ తాళం లేదు. బట్టలు కూడా ముందే తీసి పెట్టారు. ఎన్నాళ్లకు," అన్నాడు.

శుక్రవారం రిపోర్టులో నూట ఇరవై ఏడు.

"చూశావా, పాత సెట్టింగే మంచిది," అన్నారు సార్.

"అంకె బాగుంది కదా సార్," అంది కోడలు. అబద్ధమేమీ కాదు.

ఆయన సంతకం పెట్టారు. పెట్టి, బయటికి వచ్చి నా బల్ల దగ్గర ఆగారు. "కంప్యూటర్ వచ్చాక మీకు పని తేలికైనట్టుందే. వచ్చే నెల రోజుకు రెండొందలు చేద్దాం."

రెండు రోజుల ఫోన్లతో నా గొంతు మూసుకుపోయింది. ఒక్క మాట పెగల్లేదు. తలూపాను.

ఇంటికి వచ్చాక కోడలు మంచాన్ని కిటికీ పక్క నుంచి గోడవైపు జరపాలంది, సందు చివరి దుకాణంలో సరుకులు మానేయాలంది, ఆదివారం నన్ను ఏ పనీ ముట్టుకోవద్దంది. దేనికీ ఎదురు చెప్పలేకపోయాను. మర్నాడు పక్కింటావిడ మా గుమ్మంలో నిలబడి, "ఎంత మారిపోయారండీ మీరు. అత్తగారంటే ఇలా ఉండాలి," అంది. దానికీ తలే ఊపాను.