పదో పూస

గోడకున్న కడ్డీని కిటికీ కొస నుంచి తడిగుడ్డతో తుడుచుకుంటూ ఆయమ్మ నడవా ఈ కొసకి వచ్చింది. నేల మీద నీలం రంగుతో గీసిన గీత పాదాలు పడీ పడీ మధ్యలో వెలిసిపోయింది. కేన్సరుకి మందు ఎక్కించుకుంటున్నవాళ్లు రోజూ ఆ గీత మీద నడవాలి. మంచానికి అతుక్కుపోతే ఉన్న ఓపిక కూడా పోతుందని వ్యాయామం డాక్టరు చెబుతాడు. చెప్పడం ఆయన పని, మోచెయ్యి పట్టుకుని నడిపించడం ఈమె పని. పంతొమ్మిదేళ్లుగా అదే పని.

గుడ్డ పిండబోయి ఆగిపోయింది. పదో పూస అవతల ఉంది.

అక్కడ గోడకి ఒక పలక చట్రం కొట్టి ఉంటుంది. కూతురు ఒకటో తరగతిలో వాడినది. పలక పగిలినా పైనున్న తీగా, పది పూసలూ చెక్కుచెదరలేదని ఆమే తెచ్చి బిగించింది. ఒక చుట్టు తిరిగొస్తే ఒక పూస అవతలికి జరపాలి. డాక్టరు లెక్క పది చుట్లు. ఆమె మాత్రం ఎవరినీ తొమ్మిది దాటనిచ్చేది కాదు. ఒకటి రేపటికి ఉంచుకోండి అనేది. పని మిగిలిన మనిషి తప్పకుండా తిరిగొస్తాడని ఆమె నమ్మకం. పనిలో చేరిన కొత్తలో ఒక పోస్టుమాస్టరు పది చుట్లూ చకచకా తిరిగేసి, నవ్వుతూ దండం పెట్టి వెళ్లాడు. మర్నాడు ఆయన మంచం ఖాళీ. అప్పటినుంచీ ఆమె పద్ధతి ఇది. డాక్టరుకి తెలిసినా చూసీచూడనట్టు ఊరుకుంటాడు.

రోజూ సాయంత్రం తొమ్మిది పూసలు అవతల, ఒకటి ఇవతల వదిలి ఇంటికి పోతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు, పొద్దున్నే వచ్చి చూసేసరికి ఆ ఒక్కటి కూడా అవతల ఉంటుంది. అలాంటి రోజున వార్డులో ఏదో ఒక మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంటుంది. పోయినవాళ్లు పోతూ పోతూ మిగిలిన చుట్టు తిరిగి వెళ్లారని ఆమెకి తెలిసిపోయేది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే పిచ్చిదంటారు, పైగా పలక పీకేస్తారు.

బకెట్టు అక్కడే వదిలేసి వార్డులోకి వెళ్లింది. ఇరవై రెండు మంచాలు. ఒక్కో ముఖమే చూసుకుంటూ కొస దాకా వెళ్లి, అనుమానం తీరక మళ్లీ మొదటికి వచ్చింది.

"ఏంటి ఆయమ్మా, హాజరు పిలుస్తున్నావా?" అంది నర్సు.

"అందరూ ఉన్నారా, సిస్టర్?"

"ఉన్నారు. మూడో మంచం తాతగారైతే టీ చల్లారిందని నన్ను తిడుతున్నాడు కూడా."

"తిట్టనీ తల్లీ. తిట్టే ఓపిక ఉంది, అదే చాలు."

ప్రాణం లేచొచ్చింది కానీ నిలవలేదు. పూస ఊరికే జరగదు. ఇక్కడ ఎవరూ కాకపోతే? ఆ పలక కూతురిది. ఆ ఆలోచన రాగానే కూతురు పనిచేసే బట్టల దుకాణానికి వెళ్లే బస్సు ఎక్కడో బోల్తా పడ్డట్టు, చెప్పొకటి రోడ్డు మీద పడి ఉన్నట్టు కళ్లముందు కట్టింది. వెంటనే కూతురికి ఫోన్ చేసింది.

"చేరావా? బస్సు నెమ్మదిగానే నడిపాడా?"

"అమ్మా, నేను చేరి గంటయింది. రోజూ ఇదే అడుగుతావు. డ్రైవరుకి నీ నంబరిస్తాను, ఆయన్నే అడుగు."

కూతురు నవ్వుతూనే ఫోన్ పెట్టేసింది. ఆయమ్మ మాత్రం ఫోన్ చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకుంది. ఎడమ జబ్బ లాగుతోంది. బకెట్టు మోసినందుకే అనుకుంది.

ఇక భయమంతా టోపీ పిల్ల గురించే. జుట్టంతా రాలిపోయి ఎప్పుడూ ఉన్ని టోపీ పెట్టుకునే ఆ పిల్లకి కూతురి వయసే ఉంటుంది. రెండేళ్ల కొడుకుని అత్తగారి దగ్గర వదిలి వచ్చింది. ఇక ఒక్క విడత మందే ఉంది. నీరసంగా ఉందని ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశారు. ఇవాళ ఆగకుండా పది చుట్లు నడిస్తే రేపు మందు ఎక్కిస్తామని, లేకపోతే ఇంకో మూడు వారాలు ఆగాలని డాక్టరు చెప్పాడు. కాగితం, పెన్ను పట్టుకుని ఆయనే వచ్చి నిలబడ్డాడు.

ఇవాళ వద్దు సార్, రేపు నడుస్తుంది అని ఆయమ్మ బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. ఆమె పూసలన్నీ ఇవతలికి లాగి, ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుంది. చేతిలో ఎముక తప్ప ఏమీ తగల్లేదు.

మూడు చుట్లు బాగానే నడిచారు. నాలుగో చుట్టులో ఆయమ్మకి ఇంకో అడుగుల చప్పుడు వినబడింది. ఆ పిల్లవి మేజోళ్లు, నేలకి ఆనుతున్నట్టే వినబడవు. తనవి రబ్బరు చెప్పులు, టపటపమంటాయి. వీళ్ల వెనక ఇంకెవరో ఉత్త కాళ్లతో, తడి అరికాళ్లు నేలకి అంటి ఊడుతున్నట్టుగా వస్తున్నారు. తిరిగేటప్పుడు కూడా వెనక్కి చూడలేదు. చూస్తే ఎవరి వెనక నడుస్తున్నారో తెలిసిపోతుంది. ఆ పిల్లని గోడవైపుకి నెట్టి, తను ఆ చప్పుడుకి అడ్డంగా నడిచింది.

తొమ్మిదో చుట్టయ్యేసరికి పిల్ల పెదాలు తెల్లబడ్డాయి.

"చాలు తల్లీ. ఒకటి రేపటికి ఉంచుకో."

"రేపటికి కాదు ఆయమ్మా, ఇవాళే. నా కొడుకు నన్ను మర్చిపోతున్నాడు." ఆ పిల్ల ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "నువ్వు పట్టుకో చాలు, పడను."

ఆయమ్మ పట్టుకుంది. పదో చుట్టు తిరిగొచ్చాక పిల్ల తనే చెయ్యెత్తి పూస జరిపింది. డాక్టరు సంతకం పెట్టేశాడు. తీగ మీద ఇవతలివైపు ఒక్క పూసైనా లేకపోవడం ఆయమ్మ చూసింది. ఎవరూ చూడకుండా ఒక పూసని వెనక్కి లాగింది.

పిల్ల చూడనే చూసింది. "అదేంటి?"

"ఇది నీది కాదులే, నాది. సాయంత్రం నేను తిరుగుతాను."

మిగతావాళ్లని నడిపించేటప్పుడు ఆ పూస ముట్టుకోలేదు. తొమ్మిదింటితోనే లెక్క సరిపెట్టింది. మధ్యాహ్నం మూడుసార్లు వెళ్లి టోపీ పిల్ల ఊపిరి చూసొచ్చింది. మూడోసారి ఆ పిల్ల కళ్లు తెరవకుండానే, ఉన్నాను ఆయమ్మా, అంది.

పొద్దు వాలాక నడవా ఖాళీ అయింది. కూతురు బస్సెక్కానని ఫోన్ చేసింది. నెమ్మదిగా రా అని చెప్పి, ఆ ఒక్క చుట్టు తిరగడానికి బయలుదేరింది. కిటికీ దాకా నడిచేసరికి జబ్బ లాగడం ఛాతీలోకి వచ్చింది. ఒక్క నిమిషం కూర్చుని వెనక్కి తిరుగుదామని స్టూలు మీద కూలబడి చెప్పులు విడిచింది. మనసులో మళ్లీ అందరినీ లెక్క చూసుకుంది. ఇరవై రెండు మంచాలూ నిండే ఉన్నాయి. టోపీ పిల్ల నిద్రపోతోంది. కూతురు బస్సులో కూర్చుంది. ఎవరూ తప్పిపోలేదు. మరి ఆ పూస ఎందుకు జరిగింది? ఎంత ఆలోచించినా, ఆ లెక్కలో తనని కూడా వేసుకోవాలని ఆమెకి తట్టలేదు.

ఉత్త కాళ్ల చప్పుడు నడవా పొడవునా నెమ్మదిగా వచ్చి, స్టూలు పక్కన ఆగింది. ఎవరో రోగి అనుకుని, అలవాటు కొద్దీ పట్టుకోవడానికి చెయ్యి చాపింది. ఈసారి ఆమె మోచెయ్యినే ఎవరో పట్టుకున్నారు. పడిపోకుండా పట్టుకునే పట్టు అది, ఆమె పట్టులాంటిదే.

దీపాలు వెయ్యడానికి వచ్చిన వాచ్‌మన్ నిద్రపోతోందనుకుని రెండుసార్లు పిలిచాడు.

మర్నాడు కూతురు వచ్చి చెప్పులు, సంచీ తీసుకుంది. పలక దగ్గర నిలబడి మేకుల్ని కాసేపు చూసి, ఉండనివ్వండి అని చెప్పి వెళ్లిపోయింది. టోపీ పిల్లకి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. మధ్యలో లేచి, సీసా వేలాడుతున్న స్టాండుని తోసుకుంటూ ఒక్కతే నడవాలోకి వచ్చింది. ఇవతల ఆ ఒక్క పూస అలాగే ఉంది. పూసని చూసింది, తర్వాత కిటికీ దగ్గరున్న స్టూలుని చూసింది. కడ్డీ పట్టుకుని నీలం గీత మీద కిటికీ దాకా వెళ్లి, స్టూలు చుట్టూ తిరిగి వెనక్కి వచ్చింది. దారిలో ఒకచోట కాలు తడబడింది గానీ పడలేదు.

పూస జరపడానికి చెయ్యెత్తింది. పూస అప్పటికే అవతల ఉంది, తీగ ఇంకా సన్నగా వణుకుతోంది.